సోమవారం సీఎల్, ఆదివారం వంజంగి

ప్రశ్న:

మేడమ్ గారికి నమస్కారం. నాకు 26 ఏళ్లు. మాది యలమంచిలి దగ్గర పల్లెటూరు. మొన్నటి మెగా డీఎస్సీలో ఎస్‌జీటీ (సెకండరీ గ్రేడ్ టీచర్)గా ఉద్యోగం వచ్చి, దసరా సెలవుల తర్వాత పాడేరు దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో చేరాను. ఐదు తరగతులకి ఇద్దరమే టీచర్లం. పిల్లలు ఇంట్లో మాట్లాడేది ఆదివాసీ ఒడియా. మొదట్లో వాళ్ల మాట నాకు, నా మాట వాళ్లకి ఎక్కేది కాదు. ఇప్పుడు ఫరవాలేదు. మొన్న ఒకటో తరగతి పిల్లాడు పలక మీద తన పేరు మొదటిసారి తప్పు లేకుండా రాశాడు. చొక్కాకి రాసుకుని చెరిగిపోతుందేమోనని పలకని రెండు చేతులతో ముందుకి చాపి పట్టుకుని ఇంటిదాకా అలాగే నడిచాడు. ఇలాంటివి చూసినప్పుడు కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగిన బాధంతా మరిచిపోతాను.

నాతోపాటు చేరిన మరో ఇద్దరు టీచర్లతో కలిసి పాడేరులో గది తీసుకున్నాను. ఆదివారం వస్తే స్కూటీల మీద బయల్దేరతాం. పైనుంచి చూస్తే మబ్బులు కింద కనిపించే వంజంగి కొండ, లంబసింగి, కొత్తపల్లి జలపాతం, చాపరాయి అన్నీ చూశాం. ఫొటోలు స్టేటస్‌లో పెడతాను. బడి ఫొటోలూ పెడతాను. ఒక పిల్లాడు బొమ్మ చూసి సగం తెలుగు, సగం వాళ్ల భాష కలిపి కథ చెప్తుంటే రీల్ చేశాను, చాలామంది చూశారు. బాగా అలసిపోయి రెండుమూడు సోమవారాలు మాత్రం సీఎల్ (క్యాజువల్ లీవ్) పెట్టాల్సి వచ్చింది.

ఈమధ్య మా సీనియర్ సార్ వంటామె ముందు, ఇద్దరు తల్లుల ముందు "మేడమ్ టీచరా, టూరిస్టా?" అన్నారు. ఏడుపొచ్చింది. అమ్మేమో ఫోన్‌లో "కొండలెక్కడానికి ఓపికుంటుంది గానీ ఇంటికి రావడానికి ఉండదు" అంటుంది. వీళ్లిద్దరి సంగతి సరే. వంజంగి ఫొటో క్లాసులో చూపిస్తే మూడో తరగతి అమ్మాయి "అది మా అత్త వాళ్ల ఊరు. మబ్బులు చూడ్డానికి డబ్బులు కట్టారా టీచర్?" అని అడిగింది. నవ్వి ఊరుకున్నాను గానీ ఆ మాట బుర్రలోంచి పోవడం లేదు. నేను తిరగడం మానేయాలా? సంక్రాంతి తర్వాత అమ్మ ఇక్కడికి వస్తానంటోంది. తనకి మోకాళ్ల నొప్పులు. ఎక్కడికి తీసుకెళ్లాలో కూడా చెప్పండి.

– ఒక కొత్త టీచర్, అల్లూరి సీతారామరాజు జిల్లా

జవాబు:

మానక్కర్లేదమ్మా. ముందు ఆ టెన్షన్ వదిలెయ్.

వీకెండ్ అంటే సాఫ్ట్‌వేర్ వాళ్లకి రెండు రోజులు. మనకి శనివారం కూడా బడే. నెలలో ఒక్క రెండో శనివారం కలిసొస్తే అదే పెద్ద పండగ. మిగతా వారాల్లో ఉన్న ఒక్క ఆదివారంలోనే బట్టలు ఉతుక్కోవాలి, వారానికి సరిపడా కూరగాయలు తెచ్చుకోవాలి, లెసన్ ప్లాన్ రాసుకోవాలి. అందులోంచి ఒక పూట మిగుల్చుకుని కొండెక్కి గాలి పీల్చుకుంటున్నావు. మొదటిసారి సొంత జీతం, సొంత గది, ఈడు తోడు స్నేహితురాళ్లు. ఇప్పుడు తిరక్క ఎప్పుడు తిరుగుతావు? నేనూ బడిలో పనిచేసి రిటైరైనదాన్నే. బడి తప్ప వేరే లోకం లేకుండా బతికిన టీచర్లని చాలామందిని చూశాను. గురువారం వచ్చేసరికి వాళ్ల గొంతు మారిపోయేది, చేతికి బెత్తం వచ్చేది. పిల్లలకి కావాల్సింది తెల్లారితే ఓపిగ్గా కనిపించే మనిషి. ఆ ఓపిక నీకు వంజంగిలో దొరుకుతుంటే అక్కడికే వెళ్లు.

అయితే నీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. "రెండుమూడు సోమవారాలు మాత్రం సీఎల్ పెట్టాల్సి వచ్చింది" అని ఏదో దారిలో తగిలిన సంగతిలా రాసి ముందుకెళ్లిపోయావు. మీ సార్ అన్న మాట పుట్టింది అక్కడే అని నా అనుమానం.

ఆ సోమవారం ఆయన ఎలా గడిపి ఉంటారో ఒకసారి ఊహించుకో. ఇద్దరు టీచర్ల బడిలో ఒకరు రాకపోతే ఐదు తరగతులూ ఒకే గదిలోకి వస్తాయి. సిగ్నల్ కోసం ఫోన్ పట్టుకుని గట్టు మీదకి వెళ్లి హాజరు పడేలా చూసుకోవాలి. ఈలోగా ఒకటో తరగతి వాళ్లు బయటికి పరిగెత్తుతారు. ఎంతమంది వచ్చారో లెక్కేసి వంటామెకి బియ్యం, గుడ్లు చెప్పాలి. ఐదో తరగతి వాళ్లకి లెక్క ఇచ్చి, మూడో తరగతి వాళ్ల నోట్‌బుక్కులు దిద్దుతూ, చిన్నవాళ్ల చేత అక్షరాలు దిద్దించాలి. మధ్యాహ్నం ఇంత విశ్రాంతి లేకుండా మళ్లీ సాయంత్రం దాకా అదే పని. ఇంటికొచ్చి కూర్చుని ఫోన్ తెరిస్తే నీ స్టేటస్‌లో జలపాతం. నువ్వే ఆయన స్థానంలో ఉంటే ఏమనేదానివి?

ఆయన ఆ మాట వంటామె ముందు, తల్లుల ముందు అనడం తప్పే. పక్కకి పిలిచి అడగాల్సింది. ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. నీ వయసు అబ్బాయి బైకేసుకుని అరకు వెళ్లొస్తే "కుర్రాడు, సరదా" అనేస్తారు, ఎవరూ టూరిస్టా అని అడగరు. ఆ తేడా నువ్వు సీఎల్ పెట్టినా, పెట్టకపోయినా ఉంటుంది. దానికి నువ్వు జవాబు చెప్పుకుంటూ తిరగక్కర్లేదు. సోమవారం సంగతికి మాత్రం జవాబు చెప్పాలి. రేపే వెళ్లి రెండే రెండు మాటలు చెప్పు: "సార్, ఇకనుంచి సోమవారాలు నేను కచ్చితంగా ఉంటాను. మీకు సెలవు కావాల్సినప్పుడు ముందురోజు చెప్పండి, నేను చూసుకుంటాను." కారణాలు చెప్పొద్దు, కళ్లనీళ్లు పెట్టుకోవద్దు. ఆయనకీ కూతురి స్కూల్ ఫంక్షనో, బ్యాంకు పనో ఉంటుంది. ఒక్కసారి నువ్వు ఐదు తరగతులూ ఒంటిచేత్తో నడిపిస్తే ఆ వెటకారం చాలావరకు ఆగుతుంది.

సీఎల్‌ల సంగతి నీకు తెలిసే ఉంటుంది. ఏడాదికి 15. మహిళా టీచర్లకి ఇంకో 5 అదనం. స్పెషల్ సీఎల్‌లు వేరే. వినడానికి బోలెడన్ని ఉన్నట్టు ఉంటాయి. ఏజెన్సీలో మాత్రం వర్షాకాలం రాగానే జ్వరాలు, బస్సు రాకపోవడం, రోడ్డు మీద కొండచరియ పడటం అన్నీ ఉంటాయి. అప్పటికి చేతిలో కొన్ని ఉండాలి. పైగా నీది ప్రొబేషన్. రెండేళ్లు. ఆదివారం అరకులో ఫొటో, సోమవారం ఒంట్లో బాగోలేదని సీఎల్ లెటర్ ఇస్తే, ఆ రెండూ పక్కపక్కన పెట్టి ఎంఈఓ (మండల విద్యాధికారి) గారికి చూపించేవాళ్లు ఎక్కడైనా ఉంటారు.

ఇక ఆదివారం ఎలా వాడుకోవాలన్నది. వంజంగితో ఇబ్బంది లేదు. పాడేరుకి అంత దగ్గర కాబట్టి చీకట్లో లేచి వెళ్లినా, సూర్యుడొచ్చి మబ్బులు కరిగేదాకా ఉన్నా, పన్నెండులోపు గదికి చేరొచ్చు. మధ్యాహ్నం పడుకుని లేస్తే సాయంత్రం పనులకి మనిషివవుతావు. లంబసింగి లెక్క వేరు. అక్కడ అసలు చూడాల్సింది తెల్లవారుజామున మంచు. దానికోసం రాత్రి అక్కడే ఉండాలి, లేదా నిద్ర మానుకుని చింతపల్లి మీదుగా చలిలో బండి తోలాలి. పగలు పదకొండింటికి చేరితే కనిపించేది స్ట్రాబెర్రీ తోటలు, జనం, బిర్యానీ పాయింట్లు. మళ్లీ అంత దూరం వెనక్కి. సోమవారం నిన్ను పడగొట్టింది ఆ ప్రయాణాలే అయ్యుంటాయి. దూరపువి రెండో శనివారానికి దాచుకో. శనివారం వెళ్లి ఆదివారం మధ్యాహ్నానికి వచ్చెయ్.

ఆదివారం ఏ కొండ మీద ఉన్నా పొద్దుండగానే గది చేరాలి. ఇది బడి కోసం చెప్తున్నది కాదు, ప్రాణం కోసం. డిసెంబర్, జనవరిలో అయిదున్నరకే చీకటి పడుతుంది, వెనకే మంచు దిగుతుంది. మలుపులో ఎదురొచ్చే జీపు లైటు పక్కకొచ్చేదాకా కనపడదు. టాప్ మీద కూడా మనుషుల్ని ఎక్కించుకుని వచ్చే ఆ జీపులకి బ్రేకు ఎంత పట్టుకుంటుందో ఆ దేవుడికే తెలియాలి. స్కూటీకి లైటు, బ్రేకులు సరిగ్గా ఉన్నాయో లేదో చూయించుకో. జలపాతాల దగ్గర నీళ్లు తక్కువగా ఉన్నా రాళ్ల మీద నాచు ఉంటుంది. చాపరాయి దగ్గర అయితే మరీ. సెల్ఫీ కోసం చెప్పులతో రాయి మీదకి దూకేవాళ్లలో నువ్వు లేవనే అనుకుంటాను. సిగ్నల్ పోయే చోటికి వెళ్లేటప్పుడు ఇంటి ఓనర్‌కి ఎటు వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో చెప్పి వెళ్లండి.

ఇంకో చిన్న పని చెప్తాను. శనివారం బడి వదిలాక ఐదు నిమిషాలు ఆగి, సోమవారం మొదటి పీరియడ్‌కి కావాల్సింది బోర్డు మీద రాసేసి వెళ్లు. ఒకటి, రెండు తరగతులకి అయిదు బొమ్మలు గియ్యి, మూడో తరగతికి నాలుగు లెక్కలు రాయి. పిల్లలు చెరిపేస్తారని భయమైతే పైన రాయి, అందదు. సోమవారం పొద్దున నీకు నిద్ర మత్తు ఉన్నా పిల్లలు చేతులు కట్టుకుని నీ మొహం చూస్తూ కూర్చోరు. ఆ మొదటి అరగంట గడిస్తే మిగతా రోజు దానంతటదే నడుస్తుంది.

ఆ మూడో తరగతి అమ్మాయి ప్రశ్న సంగతికి వస్తాను. నీకు అది ముల్లులా దిగింది. ఆ పిల్ల నిన్ను ఎగతాళి చేసిందని నేను అనుకోవడం లేదు. ఎనిమిదేళ్ల పిల్లకి అది నిజమైన సందేహం. చలికాలం వస్తే వాళ్ల వాకిట్లోకే మబ్బు వస్తుంది. ఎదురింటి తలుపు కనపడదు, బట్టలు ఆరవు, పొయ్యి రాజుకోదు. దాన్ని చూడ్డానికి విశాఖ నుంచి, హైదరాబాద్ నుంచి కార్లేసుకుని రాత్రంతా ప్రయాణం చేసి వస్తున్నారు, టికెట్టు కొంటున్నారు, టెంట్లు వేసుకుంటున్నారు. ఎందుకో ఆమెకి ఎవరూ చెప్పలేదు. వాళ్ల అత్త ఊరి జనం మాత్రం ఆదివారం తెల్లవారుజామున హారన్లకి లేస్తున్నారు. జనం దిగిపోయాక దారి పక్కన వాటర్ బాటిళ్లు, చిప్స్ ప్యాకెట్లు, కాగితం ప్లేట్లు మిగులుతాయి. అదే సమయంలో టీ కొట్టు పెట్టుకుని, పార్కింగ్ చూసుకుని నాలుగు డబ్బులు సంపాదించుకుంటున్న కుటుంబాలూ ఆ ఊళ్లోనే ఉన్నాయి. ఆ పిల్ల ఇంట్లో ఈ రెండు మాటలూ వినే ఉంటుంది.

నువ్వు నవ్వి ఊరుకున్నావు. రేపు జవాబు చెప్పు. "అవునమ్మా, కట్టాను. మా ఊరు చదునుగా ఉంటుంది. చెరుకు తోటలు, జీడిమామిడి తోటలు. అక్కడ మబ్బు ఎప్పుడూ మా నెత్తి మీదే ఉంటుంది, పై నుంచి కిందకి చూడటం నాకు ఇదే మొదటిసారి" అని చెప్పు. ఆ పిల్ల బహుశా సముద్రం చూసి ఉండదు, నువ్వు చిన్నప్పటినుంచి చూస్తూనే ఉండి ఉంటావు. సముద్రం చూడ్డానికి జనం ఎందుకొస్తారో నీకూ చిన్నప్పుడు అర్థమై ఉండదు. అదీ చెప్పు. తర్వాత నువ్వు అడుగు: మబ్బు దిగిన రోజు పొద్దున మీ ఇంట్లో ఏం చేస్తారు, మేకల్ని ఎప్పుడు వదులుతారు, కాఫీ పళ్లు తడిగా ఉన్నప్పుడు కోస్తారా, ఎండొచ్చేదాకా ఆగుతారా? ఇప్పుడు కాఫీ కోతల కాలం. మీ బడిలో సోమవారాలు పిల్లలు తగ్గుతున్నారంటే సగం కారణం అదే అయ్యుంటుంది. ఏ పండు కోతకి వచ్చింది, ఏది ఇంకా రాలేదు అన్నది రంగు చూసి చెప్పగలిగిన పిల్లలు నీ ముందు కూర్చుని ఉన్నారు. మిరియాల తీగ ఏ చెట్టుకి ఎక్కుతుందో, అడ్డాకులు ఎలా కుడతారో, వలిసె పువ్వు రాలాక గింజ ఎప్పుడు కోస్తారో నీకంటే వాళ్లకే బాగా తెలుసు. అరకు లోయ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని నువ్వు వాళ్లకి చెప్పొచ్చు. ఆ కాఫీ గింజ పైన పండు తొక్క ఎంత తియ్యగా ఉంటుందో వాళ్లు నీకు చెప్తారు.

ఇది ఏ భాషలో చెప్పినా సరే అను. ఐదో తరగతిలో తెలుగు బాగా వచ్చిన పిల్ల ఒకరు ఉంటారు, ఆమెని పక్కన కూర్చోబెట్టుకో. వాళ్లు చెప్పిన మాటల్లో నాలుగైదు తెలుగు లిపిలోనే బోర్డు మీద రాసి చదివించు. తమ ఇంటి మాట బోర్డు మీద కనపడితే ఆ పిల్లలు చదివే తీరు వేరు. ఇది నా సొంత తెలివేమీ కాదు. ఉమ్మడి రాష్ట్రంలోనే కోయ, కువి, సవర, ఆదివాసీ ఒడియా లాంటి భాషల్లో తెలుగు లిపితో వాచకాలు తయారుచేసి ఏజెన్సీ బళ్లలో చదివించారు. మీ బడి బీరువా అడుగున పాత కాపీ ఒకటి ఉందేమో వెతుకు. మీ సార్‌ని అడుగు. ఆయన చాలాకాలంగా అక్కడే ఉంటే ఆ పుస్తకాలు ఆయన చేతుల మీదుగానే వచ్చి ఉంటాయి. ఆయనతో మాట కలపడానికి దీనికంటే మంచి సందు దొరకదు.

అలాగని ప్రతి ఆదివారాన్నీ సోమవారం పాఠం చేయొద్దు. ఈమధ్య ట్రైనింగుల్లో "మీ అనుభవాలను తరగతి గదిలోకి తీసుకురండి" అని తెగ చెప్తున్నారు. వింటే బాగానే ఉంటుంది గానీ, జలపాతం దగ్గర నిలబడి కూడా "దీన్ని ఈవీఎస్ (పరిసరాల విజ్ఞానం) పాఠంలో ఎక్కడ వాడాలి" అని ఆలోచిస్తే అది సెలవెలా అవుతుంది? ఆదివారం నీది. ఊరికే నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చో.

ఒక్క ఆదివారం మాత్రం పిల్లల ఊరికి వెళ్లు. ఫోన్ బ్యాగులో పెట్టుకుని, ఊరికే. పలక మోసుకెళ్లిన పిల్లాడి ఇల్లు ఎక్కడో చూడు. మార్చి, ఏప్రిల్‌లో గిరిజనుల ఇటుకల పండుగ వస్తుంది. ఆ రోజుల్లో ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టి వచ్చేపోయే బళ్ల దగ్గర పండగ డబ్బులు అడుగుతారు. టూరిస్టులు విసుక్కుంటారు. నువ్వు దిగి పలకరించు. అందులో నీ క్లాసు పిల్లల తల్లులు ఉంటారు. వాళ్లు థింసా నాట్యం ఆడుతూ నిన్ను లాగితే సిగ్గుపడకుండా వెళ్లు.

నువ్వు అడగని విషయం ఒకటుంది. అడగకపోయినా చెప్తాను, ఎందుకంటే ఈ ఉత్తరం మొత్తంలో నాకు నచ్చనిది అదొక్కటే. ఆ రీల్ తీసేయ్. ఈ రాత్రికే.

నీకు ముద్దొచ్చింది, తెలుసు. చూసినవాళ్లలో ఎంతమందికి ముద్దొచ్చింది, ఎంతమంది ఆ భాష విని నవ్వుకున్నారు? కామెంట్లు మళ్లీ ఒకసారి చదువు. ఆ పిల్లాడు చేసింది చిన్న పని కాదు. బొమ్మ చూసి కథ అల్లాడు, మాట దొరకనిచోట తన భాషలోంచి తెచ్చి పూడ్చాడు. మనం ఇంగ్లీష్ మాట్లాడేటప్పుడు చేసేది అదేగా? ఆ పని చూసి బయటివాళ్లు నవ్వారని వాడికి ఇప్పుడు తెలియదు. అయిదారేళ్ల తర్వాత ఆశ్రమ పాఠశాల హాస్టల్లో ఎవడో వాడికే చూపిస్తాడు. "వాళ్ల నాన్నని అడిగాను, సరే అన్నారు" అంటావేమో. టీచరమ్మ అడిగితే ఆ తండ్రి దేనికైనా సరే అంటాడు. ఇన్‌స్టాలో పెడితే ఎక్కడిదాకా పోతుందో ఆయనకి తెలిసి ఒప్పుకున్నట్టు కాదు.

పిల్లల ఫొటోలు దాచుకోవద్దని అనడం లేదు. నీ ఫోన్‌లో ఉంచుకో, ప్రింట్ తీయించి వాళ్లకే ఇవ్వు. చాలా ఇళ్లలో పిల్లల ఫొటో ఒక్కటీ ఉండదు, గోడకి అంటించుకుంటారు. స్టేటస్‌లో పెట్టాలనిపిస్తే పలక పెట్టు, బోర్డు పెట్టు, వెనకనుంచి వరుసగా కూర్చున్నది పెట్టు. మొహం, ఊరి పేరు, పిల్లాడి పేరు వద్దు. నీ సొంత ఫొటోలు నీ ఇష్టం. వాట్సాప్‌లో స్టేటస్ ఎవరికి కనపడాలో సెట్టింగ్స్‌లో పెట్టుకోవచ్చు. బడి వాళ్లకి ఒక లోకం, స్నేహితులకి ఒక లోకం చూపించడంలో దొంగతనమేమీ లేదు.

మీ అమ్మగారి సంగతి. పాడేరు నుంచి యలమంచిలి అంటే ఘాట్ దిగి, మాడుగుల, చోడవరం, అనకాపల్లి, అక్కడ ఇంకో బస్సు. శనివారం బడి అయ్యాక బయల్దేరితే భోజనాల వేళ దాటాకే చేరతావు. ఆదివారం భోంచేసి మళ్లీ బస్సెక్కాలి. ప్రతి వారం అయ్యే పని కాదు. ఈ లెక్క అమ్మకి నువ్వు విడమరిచి ఎప్పుడూ చెప్పి ఉండవు. ఆవిడకి కనపడేది ఒకటే: ఆదివారం పొద్దున కూతురి ఫోన్ రాలేదు, స్టేటస్ మాత్రం వచ్చింది. నెలకి ఒక ఆదివారం ఇంటికని ముందే తేదీ చెప్పేయ్. ఆ తేదీ మాత్రం ఎన్ని ప్లాన్లు వచ్చినా మార్చొద్దు. మిగతా ఆదివారాలు ఎక్కడికెళ్లినా స్టేటస్ పెట్టే ముందు అమ్మకి ఒక ఫోన్. కొండ మీద సిగ్నల్ దొరికిందంటే మొదటి కాల్ ఆవిడకే పోవాలి. సాధింపు పూర్తిగా ఆగుతుందని మాటివ్వలేను. అమ్మలం, మాకు అలవాటు.

ఆవిడ వచ్చినప్పుడు రెండో శనివారం కలిసేలా చూసుకో. రెండు రోజుల ముందే, గురువారం, రమ్మను. శుక్రవారం బడికి తీసుకెళ్లి ఒక మూల కుర్చీ వేసి కూర్చోబెట్టు. నువ్వు చాక్‌పీస్ పట్టుకుని నిలబడటం ఆవిడ ఇప్పటిదాకా చూడలేదు కదా. సార్‌కి పరిచయం చెయ్యి. వంటామె పెట్టే భోజనం తినిపించు.

వంజంగి ఆవిడతో వద్దు. చివర్లో నడిచి ఎక్కాల్సిందే, పైగా చీకట్లో. ఆ మోకాళ్లకి శిక్ష. శనివారం పొద్దున్నే ఆటోనో, కారో మాట్లాడుకుని హుకుంపేట మీదుగా అరకు రోడ్డు పట్టుకోండి. దారిలో డుంబ్రిగుడ మండలంలోనే చాపరాయి. గట్టు మీద కూర్చుని చూస్తే చాలు, దిగక్కర్లేదు. అక్కణ్ణించి అరకు దగ్గరే. గిరిజన మ్యూజియం, కాఫీ మ్యూజియం, పద్మాపురం తోట అన్నీ చదునుగా, ఒకదానికొకటి దగ్గరలోనే ఉంటాయి. బొర్రా గుహల్లో మెట్లు ఎక్కువ, అది వదిలేయండి.

తిరుగు ప్రయాణానికి ఆవిడని మళ్లీ ఘాట్ బస్సెక్కించకు. మధ్యాహ్నం తర్వాత కిరండూల్ నుంచి విశాఖ వెళ్లే రైలు అరకులో ఆగుతుంది. టైము ముందురోజే చూసుకో, ఆ లైన్లో ఆలస్యాలు మామూలే. కొత్తవలస–కిరండూల్ మార్గం మీద 50కి పైగా సొరంగాలున్నాయి. అద్దాల బోగీలో సీటు దొరికితే సరే, దొరకకపోతే మామూలు బోగీలో కిటికీ చాలు. రెండో శనివారం కాబట్టి నువ్వూ విశాఖ దాకా వెళ్లి, ఆవిడని యలమంచిలి వైపు రైలెక్కించి, రాత్రికి ఎవరైనా బంధువుల ఇంట్లో ఉండి, ఆదివారం పొద్దున బస్సుకి పాడేరు చేరొచ్చు. టూరిస్టుల రద్దీ ఉంటుంది కాబట్టి టికెట్లు ముందే తీసుకో. స్వెట్టర్, మంకీ క్యాప్ తెచ్చుకోమని ఒకటికి నాలుగుసార్లు చెప్పు. యలమంచిలి వాళ్లకి చలంటే పడేదాకా నమ్మకం ఉండదు. ఆవిడ శాలువా ఒకటి చాల్లే అంటుంది, నువ్వు ఇంకో రగ్గు సిద్ధంగా పెట్టుకో.